ఏడువందల ఏళ్ళ తండ్రికి కొడుకుగా పుడితే

కొత్తగా ఒక ఫాంటసీ లోకాన్ని కల్పిద్దామని కూర్చున్నవాళ్ళు ఎవరైనా సరే, మొట్టమొదట రాసుకునేది ఒక పట్టిక. ఎడమవైపు జాతుల పేర్లు, కుడివైపు ఆయుర్దాయం. పొట్టిగా గట్టిగా ఉండే డ్వార్ఫులు 350, మనుషుల్లాగే ఉంటూ అతి దీర్ఘకాలం బతికే ఎల్ఫులు 750, మనిషికీ ఓర్కు జాతికీ పుట్టిన సగం ఓర్కులు 75. ఈ అంకెలు చాలామటుకు, పాత్రలు ధరించి పాచికలు వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట అయిదో ఎడిషన్ (2014) నుంచి ఎత్తుకొచ్చినవే. ఎత్తుకురావడం మీద నాకు అభ్యంతరం లేదు. ఆదివారాలు స్నేహితులం కూర్చుని ఆడుకునే ఆట కోసం నేను అల్లుకుంటున్న లోకంలోనూ అవే ఉన్నాయి. నా గొడవల్లా ఆ పట్టికలో ఒక నిలువు వరస తక్కువైందని. ఎన్నేళ్ళు బతుకుతారో రాస్తారు. ఎన్నేళ్ళకు పెద్దవాళ్ళవుతారో రాస్తారు. ఎన్నేళ్ళకు పెత్తనం వదులుతారో మాత్రం ఎవరూ రాయరు.

రాయకపోవడం వల్ల ఏమవుతుందో ఆ ఆటలోనే చూడొచ్చు. ఎల్ఫు శరీరం ఇంచుమించు మనిషి ఎదిగే వయసుకే ఎదిగిపోతుంది. కానీ 'నేను పెద్దవాణ్ణయ్యాను' అని చెప్పుకునేది వందేళ్ళ ప్రాంతంలో. అంతకు ముందు మూడో ఎడిషన్‌లో ఈ లెక్క ఇంకా ముక్కుసూటిగా ఉండేది. మనిషికి 15 ఏళ్ళు, ఎల్ఫుకి 110. ఆ పైన నేర్చిన విద్యను బట్టి పాచికలు వేసి కలుపుకోవాలి. ఆ లెక్కన మంత్రవిద్య నేర్చిన మనిషి సగటున 22 ఏళ్ళకు ఊరు దాటితే, అదే చదువు చదివిన ఎల్ఫు 145 ఏళ్ళకు దాటుతాడు. బయల్దేరేనాటికి ఇద్దరిదీ మొదటి లెవెలే, అంటే ఆటలో అన్నిటికన్నా కింది మెట్టే, ఇద్దరి సంచిలోనూ ఉన్న మంత్రాలు అంతంత మాత్రమే.

మరి ఆ నూట ఇరవై ఏళ్ళూ వాడు ఏం చేసినట్టు? ఇది ఆడేవాళ్ళ మధ్య పాత తగువు. ఎల్ఫుల బుర్ర నెమ్మదిగా ఎదుగుతుందని కొందరంటారు. అడవిలో పాటలు పాడుకుంటూ కాలక్షేపం చేశాడని కొందరంటారు. 'ఆట సమంగా నడవాలి కదండీ, అంత లోతుకు వెళ్ళకండి' అని చివరికి ఎవరో ఒకరు సర్దిచెబుతారు. ఈ చివరి మాట నిజం. అయినా లోతుకు వెళ్ళబోతున్నాను.

దీర్ఘాయువుకీ ఆలస్యంగా వచ్చే యవ్వనానికీ ప్రకృతిలో చుట్టరికం ఉంది. గ్రీన్‌లాండ్ షార్కుల కంటి కటకాల్లోని కార్బన్‌ను కొలిచి 2016లో శాస్త్రవేత్తలు వాటి వయసు అంచనా కట్టారు. అందులో అన్నిటికన్నా పెద్దది ఎంత తక్కువ వేసుకున్నా 272 ఏళ్ళది. ఆ జాతి ఆడ షార్కు పిల్లల్ని కనే ఈడుకు రావడానికే సుమారు 150 ఏళ్ళు పడుతుందట. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ కూడా తన ఎల్ఫులకు ఇలాంటి ఏర్పాటే చేశాడు. వాళ్ళ పిల్లలకు మాటలూ నడకా ఏడాది తిరక్కుండానే వస్తాయి, పూర్తి ఆకారం మాత్రం యాభయ్యో ఏటికి గానీ రాదు, కొందరికి వందేళ్ళు. ఒళ్ళు ఎదగలేదు కాబట్టి పిల్లవాడే అంటే ఒప్పుకుంటాం. ఆటలోని ఎల్ఫుకి ఆ సాకు లేదు. ఇరవై ఏళ్ళకే ఒళ్ళు ఎదిగిపోయిన వాణ్ణి ఇంకో ఎనభై ఏళ్ళు పిల్లవాడిగా ఉంచుతున్నది ఎవరు? ఇంట్లోవాళ్ళే. ఉంచకపోతే వాళ్ళకు గడవదు కాబట్టి.

ఎందుకు గడవదో చెప్పేముందు, ముసలితనం లేకపోవడం అంటే అసలు ఏమిటో కాస్త లెక్క వేయాలి. మనిషికి యవ్వనం దాటాక చనిపోయే ప్రమాదం సుమారు ఎనిమిదేళ్ళకోసారి రెట్టింపవుతూ పోతుంది. ఈ రెట్టింపు సూత్రాన్ని 1825లో బెంజమిన్ గాంపర్ట్జ్ అనే బీమా లెక్కల మనిషి బయటపెట్టాడు. ఎల్ఫుకి ఆ రెట్టింపు లేదనుకుందాం. పడిపోవడం, మునిగిపోవడం, బాణం తగలడం లాంటివే మిగిలాయి. ఏటా వెయ్యిమందిలో ఒక్కరు ఇలా పోయినా 693 ఏళ్ళు తిరిగేసరికి సగం మంది మిగలరు. డ్రాగన్లూ దొంగలూ తిరిగే లోకంలో ఆ లెక్క వందకు ఒకరు అనుకుంటే సగం మంది 69 ఏళ్ళకే ఖాళీ. అంటే ముసలితనం రాని వాడు కూడా సాహసయాత్రలు మొదలుపెడితే మన తాతగారంత బతుకుతాడు, అంతే. ఏడువందలు దాటిన ప్రతి ఎల్ఫూ జీవితమంతా గడప లోపల ఉండి నెట్టుకొచ్చినవాడే అయ్యుండాలి. ఇలాంటి పెద్దలే ఇంటిని నడుపుతుంటారు. జాగ్రత్తే వాళ్ళను అంతకాలం బతికించింది కనక పిల్లలకు కూడా దాన్నే నేర్పుతారు.

ఇప్పుడు ఆ ఇంట్లోకి వెళదాం. ఎల్ఫులు ఎక్కువమందిని కనరన్నది ఆనవాయితీ. టోల్కీన్ లోకంలో ఫెయనోర్‌కి ఏడుగురు కొడుకులు పుడితే అదే ఆ జాతి మొత్తానికీ పెద్ద కుటుంబం. కాబట్టి దంపతులకు ఇద్దరే పిల్లలనీ, నూరేళ్ళ వయసులో కంటారనీ అనుకుందాం. పాతికేళ్ళకు పిల్లల్ని కని ఎనభై దాకా బతికే మనుషుల ఇంట్లో ఒకేసారి మూడు తరాలు, అదృష్టముంటే నాలుగు. ఎల్ఫుల ఇంట్లో ఏడు. పెద్దాయనకు 720, ఆయన కొడుక్కి 620, ఇలా దిగుతూ వస్తే మన సాహస యువకుడు 120 ఏళ్ళతో ఏడో మెట్టు మీద నిలబడి ఉంటాడు. అతని పైన ఆరుగురు, ఆరుగురూ ఆరోగ్యంగా, చురుగ్గా, అన్ని పనులూ తెలిసి, అన్ని కుర్చీల్లోనూ కూర్చుని.

ఆ ఇంటి పొలం ఎవరి పేరున ఉంటుంది?

ఇంత ముఖ్యమైన ప్రశ్నను లోకాలు సృష్టించేవాళ్ళు పట్టించుకోకపోవడం నాకు ఆశ్చర్యం. మనవాళ్ళు వందల ఏళ్ళు కొట్టుకున్న ప్రశ్న ఇది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర ప్రకారం తాతల ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు. తండ్రి పోయేదాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు, పంచమని అడగొచ్చు. పదమూడో శతాబ్దంలోనే కేతన దాన్ని 'విజ్ఞానేశ్వరీయం'గా తెలుగు పద్యాల్లో పెట్టాడు, మన ప్రాంతంలో నడిచిందీ ఆ పద్ధతే. బెంగాల్‌లో చెల్లిన జీమూతవాహనుడి దాయభాగం మాత్రం తండ్రి ఉన్నంతకాలం ఆస్తి తండ్రిదేనంటుంది. మనుషుల్లో ఈ రెంటికీ తేడా ముప్ఫై, నలభై ఏళ్ళు. దాయభాగం పాటించే ఎల్ఫు రాజ్యంలో ఏడో మెట్టు మీదివాడి వంతు రావడానికి అయిదారు వందల ఏళ్ళు పడుతుంది.

మితాక్షర అయితే బాగుపడతాడా అంటే అదీ లేదు. ఆ ఉమ్మడి హక్కు నాలుగు తరాలతో ఆగిపోతుంది. పెద్దాయన, కొడుకు, మనవడు, మునిమనవడు. అయిదో తరం వాడికి పుట్టుకతో వచ్చేది ఏమీ లేదు, పైనున్నాయన కన్నుమూస్తే తప్ప. మనుషుల ఇళ్ళలో అయిదో తరం కళ్ళు తెరిచేనాటికి మొదటి తరం ఉండదు కాబట్టి ఈ గీత వల్ల ఎవరికీ పెద్దగా నష్టం లేకపోయింది. ఎల్ఫుల ఇంట్లో అయిదు, ఆరు, ఏడు తరాలు ముగ్గురూ నిండు ఆరోగ్యంతో గీత అవతల ఉంటారు. (ఆడపిల్లల సంగతి వేరే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు రావడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల దాకా, దేశం మొత్తానికి 2005 దాకా పట్టింది. చట్టం మార్చాల్సిన పెద్దలు ఏడువందల ఏళ్ళు కదలకుండా కూర్చునే చోట ఎప్పటికి వస్తుందో మీరే ఊహించండి.)

పైగా డబ్బు ఊరికే కూర్చోదు. మొదటి తరం ఎల్ఫు కుర్రతనంలో వంద రూపాయలు పావలా వడ్డీకి ఇచ్చి, ఏడాదికోసారి అసల్లో కలుపుకుంటూ పోయాడనుకోండి. ఏడువందల ఏళ్ళకు అది 9,600 కోట్లు దాటుతుంది. అప్పుపడ్డవాళ్ళు మనుషులైతే వాళ్ళ ఇరవై ఎనిమిదో తరం కూడా అదే పెద్దమనిషికి కడుతూ ఉంటుంది. ఎల్ఫులు అంత అందమైన ఇళ్ళల్లో ఏ పనీ చేయకుండా ఎలా బతుకుతారని ఇన్నాళ్ళూ అనుకునేవాళ్ళకు ఇదొక జవాబు.

ఈ చిక్కు మొత్తాన్ని పట్టుకుని, దాని మీదే ఒక నాగరికతను నిలబెట్టి కూల్చినవాడు టోల్కీన్. నూమెనోర్ రాజుల కథ ఎల్ఫుల గురించి కాదు, దీర్ఘాయువు వరంగా పొందిన మనుషుల గురించి. మొదటి రాజు ఎల్రోస్ 500 ఏళ్ళు బతికాడు, అందులో 410 ఏళ్ళు ఏలాడు. ఆయన పోయేనాటికి పెద్దకొడుకు వర్దమీర్‌కు 381 ఏళ్ళు. పుస్తకాల మనిషి. సింహాసనం వద్దని వెంటనే తన కొడుకు అమాందిల్‌కు రాజదండం ఇచ్చేశాడు. పరువు కోసం వంశావళిలో అతను ఒక్క ఏడాది ఏలినట్టు రాసుకున్నారు. ఇది నాకు ఆ చరిత్రలోకెల్లా ఇష్టమైన పంక్తి. ఒక తరం మొత్తం నిరీక్షణలోనే కరిగిపోయిందని ఎవరూ ఏడవకుండా చెప్పిన పంక్తి అది. దాని నుంచి ఆ జాతి పాఠం నేర్చుకుంది. ఆ తరవాతి నుంచి రాజు బతికుండగానే దండాన్ని వారసుడికి అప్పగించడం ఆచారమైంది. పోవాల్సిన వేళ వచ్చినప్పుడు ప్రాణాన్ని కూడా ఇష్టపూర్వకంగానే వదిలేవాళ్ళు.

టోల్కీన్ లోకపు లెక్కలో రెండో యుగం 2029లో గద్దెనెక్కిన తర్-అతనమీర్ దీన్ని తెంపేశాడు. దండమూ వదల్లేదు, ప్రాణమూ వదల్లేదు. బుద్ధి చెడి, సంతోషం అడుగంటాక కూడా 421 ఏళ్ళ దాకా పట్టుకుని వేలాడాడు. కొడుకు మంచి వయసులో ఉండగా రాజ్యం దక్కనీయలేదన్నది అతని మీద ఉన్న నేరాల్లో ఒకటి. నూమెనోర్ పతనానికి ఇక్కడ దారి పడిందని చదివినవాళ్ళందరికీ తెలుసు. అయితే కాగితం మీద అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. బంగారు కాలంలో తర్-ఎలెందిల్‌కు తండ్రి చేతుల మీదుగా దండం అందినప్పుడు అతని వయసు 240. ఈ దుర్మార్గపు తండ్రి పోయాక తర్-అంకలిమోన్‌కు అందినప్పుడు 235.

అయిదేళ్ళు ముందే దక్కింది! వయసు పట్టికలు రాసుకునేవాళ్ళకు ఇందులో ఏ తేడా పట్టుబడదు. ఒకడికి ఇచ్చారు, ఇంకొకడు శవం పక్కన నిలబడి తీసుకున్నాడు. రెండో యువరాజు తన రెండువందల ముప్ఫై అయిదేళ్ళలో రోజూ పొద్దున్నే లేచి, నాన్న ఇవాళ ఎలా ఉన్నాడని అడిగే ఉంటాడు. ఏ జవాబు కోరుకుంటున్నాడో తనకు తెలిసే అడిగి ఉంటాడు. అలాంటి మనసుతో రాజైనవాడు తన కొడుక్కి ముందుగా దండం ఎందుకిస్తాడు? ఇవ్వలేదు కూడా. అతనూ చచ్చేదాకా ఏలాడు. ఆ తరవాత నూమెనోర్ రాజుల ఆయుష్షు తగ్గుతూ వచ్చింది, పట్టు మాత్రం బిగుస్తూ వచ్చింది.

ఈ ఆచారానికి మళ్ళీ ప్రాణం పోసింది ఆ రాజుల వంశంలో చాలా కాలం తరవాత పుట్టిన ఆరగోర్న్. 210 ఏళ్ళ వయసులో, ఇంకా మతి చెడకముందే, కొడుకు ఎల్డారియన్ రాజ్యానికి తగ్గవాడయ్యాడని చెప్పి తనంతట తాను కళ్ళు మూసుకున్నాడు. చాలామంది దాన్ని అతని భార్య, ఎల్ఫుల ఇంటి ఆడపడుచు ఆర్వెన్ విషాదంగా చదువుతారు. వాళ్ళిద్దరి ఈడూ జోడూ గురించి చెప్పుకోవాలంటే తొలిసారి కలిసేసరికి అబ్బాయికి 20, అమ్మాయికి 2,710. గోండోర్, ఆర్నోర్ రాజ్యాలు రెంటికీ రాజైతే తప్ప పిల్లనివ్వనని మామగారు పెట్టిన షరతు తీరేసరికి అబ్బాయికి 88 వచ్చాయి. ప్రేమకథగా అది గొప్పదే. కానీ నేను ఆ ఘట్టాన్ని ఎల్డారియన్ వైపు నుంచి చదువుతాను. నాన్న ఎప్పుడు పోతాడా అని ఎదురుచూడాల్సిన అగత్యం లేకుండా పెరిగిన యువరాజు అతను.

ఇంతా చేసి, ఈ విషయం మీద టోల్కీన్ రాసిన అతి మంచి హాస్యం హాబిట్లనే పొట్టి మనుషుల ఊళ్ళో ఉంది. వాళ్ళకు 33 ఏళ్ళకు మైనారిటీ తీరుతుంది, నూరు దాటడం మరీ విడ్డూరం కాదు. వాళ్ళలో ఒకడైన బిల్బో 51 ఏళ్ళ వయసులో యాత్ర నుంచి తిరిగొచ్చేసరికి, పోయాడనుకుని ఇంటి సామాను వేలం వేస్తున్నారు. ఆ ఇంట్లో దిగుదామనుకున్న అతని బంధువులు సాక్‌విల్-బాగిన్స్ దంపతులకు అక్కడ మొదలైంది దురద. యాత్రలో దొరికిన ఉంగరం మహిమ వల్ల ఆయన వయసు మళ్ళలేదు. తొంభై దాటినా యాభైలోలాగే ఉన్నాడు. దగ్గరి వారసుడు ఓథో ఆ ఇల్లు చివరిదాకా దక్కకుండానే 102 ఏళ్ళు నిండి కాలం చేశాడు, దాని మీద కన్నేసిన భార్య లోబీలియా ముదుసలి అయిపోయింది. ఇక బిల్బో తన 111వ పుట్టినరోజున, పెంచుకున్న వారసుడు ఫ్రోడోకి సరిగ్గా 33 నిండిన రోజున ఇల్లూ ఉంగరమూ రెండూ వదిలేసి వెళ్ళిపోయాడు. ఉంగరాన్ని వదలడానికి ఎంత గింజుకున్నాడో తెలిసిందే. ఇంటిని మాత్రం నవ్వుతూ వదిలాడు.

మనకు ఈ ఇతివృత్తం కొత్తేమీ కాదు. శుక్రుడి శాపంతో ముసలితనం వచ్చిపడిన యయాతి కొడుకులను ఒక్కొక్కరినే పిలిచి, నీ యవ్వనం నాకిచ్చి నా ముసలితనం తీసుకోమన్నాడు. యదువు దగ్గర్నుంచి నలుగురు కాదన్నారు, చిన్నవాడు పూరువు ఒప్పుకున్నాడు. వెయ్యేళ్ళు అనుభవించాక యయాతి యవ్వనాన్ని తిరిగి ఇచ్చేసి, పెద్దవాళ్ళను పక్కనపెట్టి ఆ చిన్నవాడికే పట్టం కట్టాడు. పొన్నిగంటి తెలగన గోల్కొండ రోజుల్లో అచ్చ తెలుగు కావ్యానికి వేరే కథ ఏదీ ఎంచుకోకుండా దీన్నే ఎంచుకున్నాడు. పిల్లలప్పుడు దీన్ని మనకు పితృభక్తి కథగా చెబుతారు, నాకు అది ఎప్పుడూ మింగుడు పడలేదు. తండ్రి ఆయుష్షు పెరిగిన ప్రతి ఏడూ కొడుకు యవ్వనంలోంచి తెచ్చుకున్నదేనని ఇంత పచ్చిగా చెప్పిన కథ ఫాంటసీ మొత్తంలో నేను ఇంకోటి చదవలేదు. ఎల్ఫుల ఇంట్లో కూడా జరిగేది ఇదే. అక్కడ శాపమూ లేదు, అడగడమూ లేదు, వద్దనే అవకాశమూ లేదు.

దీర్ఘాయువు గురించి ఎవరైనా మాట్లాడితే సాధారణంగా ఇంకో దుఃఖాన్ని ముందుకు తెస్తారు. మనుషుల్ని ప్రేమించిన ఎల్ఫు ఒంటరిగా మిగిలిపోవడం. 2020లో మొదలైన జపాన్ మాంగా (బొమ్మల కథ) ఫ్రీరెన్ దీన్ని ఎంత బాగా చెప్పాలో అంత బాగా చెప్పింది. వెయ్యేళ్ళు దాటిన ఎల్ఫు ఫ్రీరెన్, పదేళ్ళు కలిసి తిరిగిన మనిషి హిమ్మెల్ అంత్యక్రియల దగ్గర, ఈ మనిషి గురించి తెలుసుకునే ప్రయత్నమే చేయలేదే అని ఏడుస్తుంది. ఆ పదేళ్ళు ఆమె ఆయుష్షులో నూరో వంతు కూడా కాదు. చూసి నేనూ కదిలిపోయాను. అయినా ఒక మాట అనాలనిపిస్తుంది. ఆ దుఃఖం మనం కోరుకునే దుఃఖం. మనం పోయాక ఆ చిరంజీవులు మన కోసం ఏడుస్తారన్న ఊహ మనకు తియ్యగా ఉంటుంది. వాళ్ళు వాళ్ళలో వాళ్ళు ఎలా బతుకుతారో మనకు పట్టదు. ఫ్రీరెన్‌కు పైన కూర్చున్న తాతముత్తాతలు ఎవరూ కథలో లేరు కాబట్టి ఆమె స్వేచ్ఛగా తిరగగలిగింది.

పొట్టి ఆయుష్షు జాతుల సంగతి ఒక్క ముక్కలో. పద్నాలుగేళ్ళకే పెద్దవాడై డెబ్భై అయిదు లోపు పోయే సగం ఓర్కునీ, మూడేళ్ళకు పెరిగి ముప్ఫై దాటని పక్షిజాతి ఆరకోక్రానీ మొరటువాళ్ళుగానో అమాయకులుగానో చూపించడం బద్ధకం. ఒక ఎల్ఫు పెద్దాయన కుర్చీలో ఉన్నంతకాలంలో ఆరకోక్రాల మధ్య నాయకత్వం ఇరవై సార్లైనా చేతులు మారుతుంది. కొత్త ఆయుధమో కొత్త లిపో కొత్త అప్పుల చట్టమో పుట్టేది అక్కడ.

అందువల్ల ఆ 145 ఏళ్ళ మొదటి లెవెల్ మంత్రగాడి మీద నాకిప్పుడు ఫిర్యాదు లేదు. అతను మందబుద్ధి కాదు. పాటలు పాడుతూ కూర్చోనూ లేదు. పైనున్న ఆరుగురిలో ఎవరో ఒకరు చేసేస్తారు కాబట్టి ఏ పనీ అతని చేతికి రాలేదు. రాని పనిలో చేయి తిరగదు. గీత అవతల పుట్టిన అయిదో తరమో ఏడో తరమో ఏదో ఒక రోజు ఇంక ఉండలేక మనుషుల ఊరికి నడుస్తుంది. అక్కడ పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు అప్పటికే కొట్టు నడుపుతుంటాడు. ఎల్ఫు సాహసికులంతా అలా వచ్చినవాళ్ళేనని నా లోకంలో రాసేసుకున్నాను. ఇంటి పెద్దలు కత్తి పట్టరు, పట్టాల్సిన అవసరమూ వాళ్ళకు లేదు. పోయిన ఆటలో ఒక స్నేహితురాలు కొత్తగా ఎల్ఫు పాత్ర తీసుకుంది. ఆమెను వయసు అడగలేదు. మీ ఇంట్లో నీ పైన ఎంతమంది బతికున్నారని అడిగాను. కాసేపు లెక్కపెట్టుకుని, 'ఆరుగురు. అందులో ఒకాయనకు ఈమధ్య దగ్గు పట్టుకుంది' అంది. ఆ దగ్గు చుట్టూ మూడు ఆదివారాలకు సరిపడా కథ దొరికింది.